గంట కొట్టడంతో ఆగిపోయిన విదేశాంగ విధానం

ఆ రోజుల్లో ఫోను కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి, స్కూటరు కావాలంటే పేరు రాయించుకోవాలి, న్యాయం కావాలంటే అర్జీ పెట్టుకోవాలి. మొదటి రెండూ తర్వాత్తర్వాత అంగడి సరుకులైపోయాయి గానీ మూడోదానికి నేను ముప్పై ఏళ్లు ఆగాల్సి వచ్చింది. ఎవరు ఏ రోజున నన్ను ఏమన్నారో మరచిపోయే అలవాటు నాకు లేదు. (మా పెళ్లిలో పెరుగు తక్కువైందన్న ఆవిడ ఇప్పటికీ మా వీధిలో తలొంచుకుని నడుస్తుంది.) కాబట్టి శ్రీకాకుళం కాలేజీలో బీయే చదివేటప్పుడు జరిగిన ఆ వక్తృత్వపు పోటీ నిన్న జరిగినట్టే గుర్తుంది.

అప్పుడు దేశానికి మొట్టమొదటి తెలుగు ప్రధాని ఉన్నాడు. పోటీకి అంశం కూడా ఆయనే, అంటే ఆయన ఆర్థిక సంస్కరణలు, విదేశాంగ విధానం. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. న్యాయనిర్ణేత మా ఎకనామిక్స్ మాస్టారు. వాళ్లది తరతరాలుగా గుడిలో అర్చకత్వం చేసే ఇల్లు కావడంతో పూజగదిలోని ఇత్తడి గంటను పోటీలకు పట్టుకొచ్చేవారు. అందుకే ఆయన్ని గంట మాస్టారు అనేవాళ్లం. గజపతినగరం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ, పదిహేను రోజులు తిండి మానేసినంత పని చేసి, నేను రెండు భాగాలుగా ప్రసంగం తయారు చేసుకున్నాను. దేశం బంగారం కుదువపెట్టిన కష్టకాలంలో ఆయన పగ్గాలు అందుకోవడం దగ్గర మొదలుపెట్టి, లైసెన్సుల సంకెళ్లు తెంచడం దాకా బ్రహ్మాండంగా వచ్చాను. అక్కడ ఉదాహరణ కోసం మా నాన్న స్కూటరును తెచ్చాను. ఆయన పేరు రాయించుకోవడం, ఎదురుచూడడం, చివరికి బండి వచ్చేనాటికి ఆయన మోకాళ్లు నడపడానికి సహకరించకపోవడం, ఇవన్నీ చెప్పి, "ఇక విదేశాంగ విధానానికి వస్తే..." అన్నానో లేదో, గంట మోగింది.

"మాస్టారూ, అసలుది ఇప్పుడే మొదలెడతన్నానండి!" అన్నాను.

"అంత తక్కువ మాటాడే పెద్దమనిషి గురించి ఇంతసేపు మాటాడతావేటే పిల్లా! దిగు!" అన్నారాయన. హాలంతా ఒకటే నవ్వు.

నా తర్వాత మా బావ ఎక్కాడు. (మేనత్త కొడుకు, అదే క్లాసు.) సంస్కరణల మీద నాలుగు మాటలు, విదేశాంగం మీద నాలుగు మాటలు చెప్పి, మిగతాది మరచిపోయి, దండం పెట్టి దిగిపోయాడు. దాన్ని క్లుప్తత అన్నారు! వాడికి మొదటి బహుమతిగా మూడు గిన్నెల స్టీలు క్యారియరు వచ్చింది. నాకు ప్రోత్సాహక బహుమతిగా ఆకుపచ్చ ప్లాస్టిక్ సబ్బుపెట్టె ఇచ్చారు. గంట ముందే కొట్టారంటూ ప్రిన్సిపాలు గారికి మూడు అర్జీలు పెట్టాను. మూడోదానికి ఆయన సెలవు పెట్టారు. ఆ సబ్బుపెట్టెలో నేను ఒక్కనాడూ సబ్బు పెట్టలేదు. అది సాక్ష్యం. క్యారియరు మాత్రం చేజారిపోకుండా, రెండేళ్ల తర్వాత బావనే పెళ్లి చేసుకున్నాను.

మొన్న ఆ ప్రధాని జయంతికి పాత విద్యార్థులను పిలిచి సభ పెడుతున్నామని కాలేజీ నుంచి ఆహ్వానం వచ్చింది. అంశం అదే. అధ్యక్షులు గంట మాస్టారు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. నేను హ్యాండ్‌బ్యాగులో సబ్బుపెట్టె సర్దుతుంటే బావ తల పట్టుకున్నాడు.

"ఒసే, మాస్టారికి ఎనభై దాటినాయి. ఇంకా ఏటే నీ గొడవ?"

"నీకేటి బావా, క్యారియరు కొట్టీసినోడివి! ఎన్నయినా సెప్తావు."

దారిలో తినడానికి కలిపిన పులిహోర ఆ క్యారియరులోనే పెట్టుకుని బస్సెక్కాం. బస్సు దిగి తిందామన్నా, ఆలస్యమైతే నా వంతు పోతుందని దాని మూత తియ్యనివ్వలేదు.

వేదిక మీద మాస్టారి ముందు అదే ఇత్తడి గంట. బావ క్యారియరు ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. నా పేరు పిలవగానే వెళ్లి మైకు పట్టుకున్నాను. సభకు నమస్కారం లేదు, అధ్యక్షులకు వందనం లేదు.

"ఇక విదేశాంగ విధానానికి వస్తే..." అన్నాను.

హాల్లో అందరూ బిత్తరపోయారు. మాస్టారు మాత్రం కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగారు. "ఓలమ్మ! స్కూటరు పిల్లవటే నువ్వు!"

"అవునండి. నా టైము ఇప్పట్నించే లెక్కెట్టండి."

చెప్పాను. కళింగపట్నం ఒడ్డున నిలబడితే మనకు ఎదురుగా ఉన్నది తూర్పేననీ, మన ముత్తాతలు ఓడలెక్కి బర్మాలోని రంగం వెళ్లి బతికారనీ, ఢిల్లీ మరచిపోయిన ఆ దిక్కుకు ఆయన మళ్లీ ముఖం తిప్పాడనీ చెప్పాను. మనకు అండగా నిలిచిన పెద్ద దేశం ముక్కలైపోయిన రోజుల్లో బెదరకుండా కొత్త స్నేహాలు వెతికాడనీ, సరిహద్దు తగాదా ఉన్న పొరుగువాడితోనూ ముందు ప్రశాంతంగా ఉందామని ఒప్పందం చేసుకున్నాడనీ చెప్పాను. (ఆయన పాలనలో తప్పులూ ఉన్నాయి, వాటి మీద నా దగ్గర వేరే ఫిర్యాదు ఉంది.) "ఇంత చేసినాయన్ని దేశం చాలా ఆలస్యంగా తలుచుకుంది. ఆయనకీ నాకూ తేడా ఒక్కటే. ఆయన ఫిర్యాదు చెయ్యలేదు" అని చెప్పి, కూర్చున్నాను.

గంట మోగలేదు. ఇంకా నిమిషం మిగిలే ఉంది!

చప్పట్ల మధ్య మాస్టారు మైకు దగ్గరకు లాక్కున్నారు. "ఆ పాలి సగమే సెప్పినావు, సగం మార్కులిచ్చినాను. గంట ముందు కొట్టలేదే పిల్లా. నువ్వే స్కూటరు దిగలేదు. ఇప్పుడు రెండో సగం అయిపోనాది గనక ఫస్టు నీదే. ఒరే, ఆ క్యారియరు ఇలా తే!"

బావ ఏడవలేక నవ్వుతూ వేదిక ఎక్కి క్యారియరు ఆయనకిచ్చాడు. ఆయన నా చేతుల్లో పెట్టారు. నిండుగా, బరువుగా, పెళ్లైన నాటి నుంచీ నేను తోముతున్న నా మొదటి బహుమతి. కడుపు కాలుతున్న బావ నా చెవిలో అన్నాడు: "గెలిసినావు గదా, ఇప్పుడైనా పులిహోర పెట్టవే."

ఇంటికొచ్చాక సాక్ష్యంతో ఇక పని లేదు గనుక, ఆ ఆకుపచ్చ పెట్టెలో సబ్బు పెట్టాను. స్నానానికి వెళ్లినప్పుడల్లా మూత తీస్తే, రెండు జడల పిల్ల ఒకతె వేదిక దిగనని మొండికేస్తూ కనిపిస్తుంది. పాపం, దానికి ఇంక గొడవ పడడానికి ఏమీ మిగల్లేదు. నీళ్లు పోసుకుంటూ దాన్ని తలుచుకుని కాసేపు నవ్వుకుంటాను.