శుక్రవారం చదివే పేరు

మా ఆయన వరంగల్‌లో చరిత్ర లెక్చరర్. నా వీసా మీద డిపెండెంట్‌గా అమెరికాలోని క్యారీకి వచ్చాక ఆయనకు పనిచేసే అనుమతి రాలేదు. అపార్ట్‌మెంట్ లీజు నా పేరున, కారు నా పేరున, చివరికి కరెంటు బిల్లు కూడా నా పేరునే. పార్టీల్లో పెద్దవాళ్లకు ఆయన నా హస్బెండ్, పిల్లలకు అంకుల్. పేరేమిటని అడిగినవాళ్లు లేరు. నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం నవ్వేసేవారు.

సుల్తానుల గురించి మొదలుపెడితే మా అన్నాలు చల్లారిపోవాల్సిందే. ఓసారి భోజనాల దగ్గర అన్నారు:

"సుల్తాన్‌కు ఎంత పవర్ ఉన్నా షరియత్‌ను మార్చనీకి లేదు. ఖాజీని పెట్టొచ్చు, తీసెయ్యొచ్చు, జాగీర్లు ఇయ్యొచ్చు. గానీ అసలు పవర్ రెండిట్లనే ఉంటది. సిక్క మీద, అంటే నాణెం మీద పేరుండాలె, జుమ్మా నాడు, శుక్రారం, మసీదుల ప్రసంగంల పేరు చదవాలె. ఇంకోని పేరు చదివిండ్రంటే వీని పని అయిపోయినట్టే."

"మరి మనింట్లో సుల్తాను ఎవరండీ?"

"నువ్వే. సిక్క నీది గద. నేను జీతం లేని వజీర్‌ని."

శుక్రవారం సాయంత్రాలు కాఫీ షాపుకు వెళ్లేవాళ్లం. కౌంటర్‌లో పేరు అడగగానే ఆయనే ముందుకొచ్చి తన పేరు చెప్పేవారు. కాసేపటికి అక్కడి అమ్మాయి ఆ పేరును వంకర తిప్పి, షాపంతా వినపడేలా కేకేసేది. ఆయన చొక్కా సర్దుకుని లేచేవారు.

"విన్నవా? జుమ్మా నాడు నా పేరు చదివిండ్రు. ఈ వారం నేనే సుల్తాన్‌ని."

నేను పకపకా నవ్వేదాన్ని. ఇంట్లో నేనెలాగూ ఆయన్ని పేరు పెట్టి పిలవను. మా అమ్మ దగ్గర అంటిన అలవాటది, ఎంత కోడింగ్ నేర్చినా పోలేదు. 'ఏవండీ'తోనే సంసారం నడిచింది. అందుకే ఈ ఊళ్లో ఆయన పేరు పైకి వినిపించేది ఆ ఒక్కచోటే.

పోయిన చలికాలం ఆయన గుండె ఆగిపోయింది. ఆసుపత్రిలో పేరు అడిగితే కాగితం మీద రాసిచ్చాను. పలకరించడానికి వచ్చినవాళ్లంతా 'మీ హస్బెండ్' అనే అన్నారు. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది నాకు. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు.

కొన్ని వారాలకు, ఒక శుక్రవారం, ఒక్కదాన్నే ఆ షాపుకు వెళ్లాను. కౌంటర్‌లో పేరు అడిగారు. నా పేరు చెప్పబోయి ఆగిపోయాను. ఇంకొకరి పేరు చదివితే వీడి పని అయిపోయినట్టేనని ఆయన అన్న మాట గుర్తొచ్చింది. భయమేసింది. ఆయన పేరు చెప్పాను. పెళ్లయ్యాక నా నోటితో ఆ పేరు పలకడం అదే మొదటిసారి. వాళ్లకు సరిగ్గా వినపడలేదు, మళ్లీ చెప్పించుకున్నారు.

కాఫీ తయారయింది. అమ్మాయి ఎప్పటిలాగే వంకరగా కేకేసింది. నేను లేవలేదు. చుట్టూ చూసి ఇంకాస్త గట్టిగా పిలిచింది. కాఫీ చల్లారిపోతోందని తెలుసు. ఇంకోసారి పిలుస్తుందేమోనని అలాగే కూర్చున్నాను.