జానెడు ఖాళీ

మా మేనత్తను బజారంతా జానెడత్త అనేవారు. పొట్టిదని కాదు. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత మనిషి. సరుకుల మధ్య ఎక్కడ సందు కనబడినా బొటనవేలూ చిటికెనవేలూ చాపి కొలిచేది. "జానెడుంది. ఇందులో ఏం పడుతుంది?" అనేది. మా అమ్మ పోయినప్పుడు పలకరించడానికి వచ్చి, ఏడుస్తూ ఏడుస్తూనే మా బీరువా మొత్తం సర్దేసి వెళ్లింది. ఆ బీరువాలో ఇప్పటికీ ఒక అర ఖాళీగా ఉంటుంది.

సముద్రం అవతలి దేశంలో సరుకు చవక. కానీ మా బజారు కొట్లలో ఏ ఒక్కరికీ కంటెయినర్ నింపేంత బేరం లేదు. సగమే నిండినా బాడుగ మొత్తానికీ కట్టాలి. అందుకని అత్త ఏడెనిమిది కొట్లను కలిపి ఒకే కంటెయినర్‌లో సరుకు తెప్పించేది. మామయ్య అవతలికి వెళ్లి కొని, సర్ది, జాబితా రాసి పంపేవాడు. ఇక్కడ కస్టమ్స్ కాగితాల పని అత్తది. లైసెన్సు ఆవిడ పేరునే ఉండేది.

"గాలికి బాడుగ కట్టేంత జమీందార్లమా మనం?" అన్నది ఆవిడ మాట. నాది స్టీలు గిన్నెల కొట్టు. నా గిన్నెల్లో బొత్తాలవాళ్ల బొత్తాలు పోయించేది. గాజు జాడీలు పగలకుండా కాగితాలు కొననిచ్చేది కాదు. తువ్వాళ్ల కొట్టువాళ్ల సరుకే వాటికి చుట్టించేది. దానికీ ఒకసారి రగడ అయింది. తన తువ్వాళ్లు జాడీకి దుప్పట్లా పనిచేశాయి కాబట్టి కూలి ఇమ్మని తువ్వాళ్లాయన, తన జాడీని ఆనుకుని వచ్చాయి కాబట్టి అద్దె ఇమ్మని జాడీలాయన. "ఇద్దరూ ఒకరికొకరు టీ ఇప్పించుకోండి, చెల్లు," అని అత్త తీర్పు చెప్పింది.

సుంకం దగ్గరా అంతే పట్టుదల. పిల్లలు లెక్కలు నేర్చుకునే పూసల చట్రాన్ని ఆటబొమ్మల కింద రాస్తే ఒక సుంకం, బడి సామాను కింద రాస్తే అందులో సగం. ఫలానా చోట తయారైందని కాగితం జతచేస్తే ఇంకొంత తగ్గింపు. ఆ కాగితం లేకుండా మామయ్యను వెనక్కి రానిచ్చేది కాదు. అయితే ఒక గీత గీసుకుంది. "తగ్గించుకోవడం మన తెలివి. దాచడం దొంగతనం." వస్తువులో వస్తువు పెడితే, లోపల ఏముందో పైన సుద్దతో రాయాలి, జాబితాలోనూ రాయాలి. అన్నేళ్లలో ఒక్క బొత్తం కూడా రాయకుండా రాలేదు.

మామయ్య నోట్లో నాలుక లేని మనిషి. ఆయన మాట్లాడాల్సినవన్నీ అత్తే మాట్లాడేది. చివరిసారి అవతలి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను అత్త సరుకు దించే షెడ్డులోనే ఉన్నాను. అత్త స్పీకర్ పెట్టి బస్తాలు లెక్క చూసుకుంటోంది.

"సర్దేశాను. తలుపులు వేయిస్తున్నా," అన్నాడు.

"పైన ఎంత ఖాళీ ఉంది?"

"జానెడు కూడా లేదు. కాస్త అలసటగా ఉంది, పడుకుంటాను."

"జాబితా పంపి పడుకోండి."

జాబితా వచ్చింది. మామయ్య రాలేదు. కంటెయినర్ ఇంకా నీళ్ల మీద ఉండగానే, ఆయన దిగిన గదిలో గుండె ఆగిపోయిందని కబురొచ్చింది. సరుకు కంటే ముందు మనిషిని తీసుకొచ్చారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, తర్వాత జరిగింది అదే. కంటెయినర్‌ను కస్టమ్స్‌వాళ్లు ఆపేశారు. నా సరుకులోని పెద్ద స్టీలు గుండిగ మూత తీస్తే లోపల ఒక జత బూట్లున్నాయి. గుండిగ మీద సుద్ద రాత లేదు. జాబితాలో బూట్ల ఊసే లేదు.

కొట్లవాళ్లందరినీ పిలిపించారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కముందే ఒక్కొక్కరూ "నావి కాదు సార్" అన్నారు. గుండిగ నాదే కాబట్టి అన్ని కళ్లూ నా మీదే. అత్త ఆ బూట్లను ఒక్కసారి చూసింది. మెత్తటి అడుగు, వెడల్పాటి మునివేళ్లు. రోజంతా సిమెంటు నేల మీద నిలబడి ఆవిడ పాదాలు వాచిపోయేవని షెడ్డులో అందరికీ తెలుసు.

"నా కొలతే," అంది.

ఆఫీసర్ చెడ్డవాడు కాదు. మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి, గొంతు తగ్గించి చెప్పాడు.

"అమ్మా, వీటి విలువ పెద్దదేం కాదు. కానీ వేరేవాళ్ల సరుకులో, రాయకుండా, లోపల పెట్టి తెచ్చారు. చట్టం దీన్ని దాచడమే అంటుంది. మీకు తెలియకుండా మీవారు దాచారని రాసివ్వండి. పోయినవారి మీద కేసు నడవదు. ఇవాళే సరుకు వదిలేస్తాను, మీ లైసెన్సుకేం కాదు."

"అలా రాయకపోతే?"

"తప్పు మీ మీదకొస్తుంది. జరిమానా, ఏడాదిపాటు లైసెన్సు ఆగిపోతుంది."

నేను అత్త చేయి పట్టుకున్నాను. "రాసెయ్యి అత్తా. మామయ్యకి ఇప్పుడు వచ్చే నష్టం ఏముంది? ఆయనుంటే తనే రాయమనేవాడు."

"అవునే, రాయమనేవారు," అంది. తర్వాత ఆఫీసర్ వైపు తిరిగింది. "బాబూ, ఆయన దాచలేదు. గుండిగలో ఖాళీ ఉందని సర్దారు. ఈ కాగితంలో దాచాడని రాస్తే, అది ఎన్నేళ్లయినా ఇక్కడే ఉంటుంది. కాదని చెప్పుకోవడానికి ఆయన లేరు. జాబితా నిజమేనని సంతకం పెట్టింది నేను. తప్పు నాదని రాసుకోండి."

నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చినవాడి పరువు కోసం బతికున్నది నోటికాడ కూడు తోసేసుకుంటుందా అని ఆఫీసు మెట్ల మీదే తిట్టాను. నా కోపం తప్పని ఇప్పటికీ అనుకోను, ఆవిడ చేసింది తప్పనీ అనుకోలేను.

సరుకు విడుదలయింది. నెల తిరక్కుండానే కొట్లవాళ్లు పెద్ద ఏజెంటు దగ్గరికి పోయారు. ఏరు దాటాక తెప్ప తగలేయడం మా బజారుకు ఒకరు నేర్పాలా? ఆ ఏజెంటు జాడీలను అట్టపెట్టెల్లో, పెట్టెలను ఇంకా పెద్ద పెట్టెల్లో తెప్పించి అన్నిటికీ బాడుగ వసూలు చేశాడు. తువ్వాళ్లాయన నా కొట్టుకొచ్చి వాపోతే, "గాలి బాగా వీస్తోందా అన్నయ్యా?" అని అడిగాను. నాకు గత్యంతరం లేక నేనూ అదే ఏజెంటుకు కట్టాను.

జరిమానా కట్టాక బూట్లు ఉన్నవి ఉన్నట్టే ఇచ్చేశారు. అత్త వాటిని సంచిలో పెట్టి గోడ మేకుకు తగిలించింది. ఏడాదీ అవి అక్కడే ఉన్నాయి. ఆ ఏడాదంతా వేరేవాళ్ల గోదాములో దినకూలికి సరుకు సర్దింది.

లైసెన్సు తిరిగొచ్చిన రోజు నేను వెళ్లేసరికి అత్త షెడ్డు ఊడ్చి, బల్ల మీద కూర్చుని, బూట్లు ఒళ్లో పెట్టుకుని ఉంది.

"ఇవాళ వేసుకుందామనిపించిందే," అంది.

కుడి బూటులో చెయ్యి పెట్టింది. మడత పెట్టిన మేజోళ్లు వచ్చాయి. వాటి మడతలో కాళ్లనొప్పుల మందు డబ్బా ఉంది. డబ్బా కదలకుండా, చుట్టూ ఉన్న సందులో జుట్టు పిన్నులు దోపాడు. అత్త నవ్వింది. ఆయన పోయాక ఆవిడ నవ్వగా చూడడం నాకదే మొదలు. "చూశావా, ఎంత నేర్పానో," అంది.

ఎడమ బూటులో చెయ్యి పెట్టింది. మునివేళ్ల దాకా తడిమింది. తీసి, మళ్లీ పెట్టింది. బూటును తలకిందులు చేసి దులిపింది. ఏమీ రాలలేదు.

"ఏముంది అత్తా?"

"ఏమీ లేదు. ఖాళీ."

చెయ్యి మళ్లీ అందులో పెట్టింది. నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. పాతికేళ్లలో ఒక్క చెంచా గుంటనైనా ఊరికే వదలని మనిషి, ఒక బూటు నింపి, రెండోది వదిలేశాడు. జాబితాలో రాయడం మరిచాడు. గుండిగ మీద సుద్దగీత పెట్టలేదు.

"అప్పటికే ఒంట్లో బాలేదే ఆయనకి," అంది అత్త. చెయ్యి ఇంకా ఆ బూటులోనే ఉంది. "ఫోన్లో అలసటగా ఉందన్నారు. నువ్వూ విన్నావు కదా. పైన ఎంత ఖాళీ ఉందని అడిగానే గానీ, ఎలా ఉన్నారని అడగలేదే నేను."