రత్నమణి టీచరు పట్టిన దొంగ

వ్యాను ఎక్కి మొహం మీద చెమటైనా తుడుచుకోకముందే నేను దొంగనని తేలిపోయింది.

నందిగామ దాటాక నా బస్సు పొగలు కక్కి ఆగిపోతే, జగ్గయ్యపేట వైపు వెళ్తున్న ఓ తెల్ల వ్యానుకు చెయ్యెత్తాను. చుట్టుపక్కల బళ్లకు రోజూ వెళ్లొచ్చే టీచర్ల వ్యాను అది. డ్రైవరు పక్క సీటు ఖాళీగా ఉన్నా నన్ను వెనకాలే ఇరికించి, చేతిలో ఓ మడత చీటీ పెట్టారు.

"ఆటండి," అన్నాడు పక్కనున్న డ్రిల్లు మాస్టారు నవీన్‌బాబు. "ఒక్క చీటీలో దొంగ అని ఉంటది, మిగతావన్నీ ఖాళీ. ఎవరిదీ ఎవరికీ చూపించకూడదు. ఊరికే మాట్లాడి దొంగని పట్టాలి. ఎవరి మీద ఎక్కువ చేతులు లేస్తే వాళ్లకి జైలు. చీటీలు విప్పేది జగ్గయ్యపేటలోనే."

"జైలెక్కడ?"

"డ్రైవరు పక్క సీటు."

నా చీటీ ఖాళీ. ధీమాగా కూర్చున్నాను. ఎదుటి సీట్లో టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకున్న కళ్లజోడావిడ నావైపు ఆప్యాయంగా చూసింది.

"ఎక్కడిదాకా బాబాయిగారూ?"

"జగ్గయ్యపేటమ్మా."

"ఏదన్నా పని మీదా?"

"పనేం లేదమ్మా. ఊరికే ఊళ్లు తిరుగుతుంటా."

ఆవిడ అందరివైపూ తిరిగింది. "విన్నారుగా. పనీపాటా లేకుండా ఊళ్లు తిరిగేవాళ్లని ఏమంటారో నేను మాత్రం అననండి. పెద్దాయన."

అన్ని చేతులూ లేచాయి. వ్యాను ఆగింది. నేను దిగి ముందు ఎక్కాను.

ఆ కళ్లజోడావిడే రత్నమణి టీచరు. ఆవిడకున్న వ్యసనం ఆ ఒక్కటే: ఎదుటి మనిషిని దొంగని చేయడం. కాఫీ, టీలు ముట్టదు. చీరల ఊసెత్తదు. ఆదివారం చర్చిలో ఆవిడ పక్కన కూర్చున్నవాళ్లకు ఆవిడ గొంతే తెలియదట. చీటీ చేతికొస్తే మాత్రం, పరిటాల ఆంజనేయుణ్ణి పట్టుకొచ్చి కూర్చోబెట్టినా, చిల్లకల్లు టోల్‌గేటు రాకముందే కొండ ఎత్తుకుపోయిన కేసు రుజువు చేసి ముందు సీటుకు పంపేస్తుంది.

నాకు కడుపు మండిపోయింది. ఏథెన్సు న్యాయసభల్లో జనాన్ని ఎలా తిప్పుకునేవారో, మన పండితులు పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివాడి వాదాన్ని, ముందు ముద్దు చేసి తర్వాత ఎలా నరికేవారో కాశీ నుంచి కంచి దాకా గ్రంథాలయాల్లో కూర్చుని చదివినవాణ్ణి. ఆ విద్యలన్నీ ఏ పుస్తకమూ తెరవకుండా, డబ్బాలో పులిహోర కలుపుకుంటూ ఈవిడ చేసేస్తోంది. నడిచిన దారిలో మళ్లీ నడవడం గిట్టని నేను నందిగామలో గది తీసుకుని రోజూ ఆ వ్యానే ఎక్కసాగాను. జగ్గయ్యపేట గ్రంథాలయం కోసమని అందరికీ చెప్పాను. ఒట్టి అసూయ. ఆవిడను ఒక్కసారన్నా ఆ ముందు సీటెక్కించాలి.

ఓ రోజు తర్కంతో దిగాను. "ఆధారం చూపించండి టీచరుగారూ. ఆధారం లేని మాట చెల్లదు."

"బాబాయిగారి మాట నిజమేనండి," అంది ఆవిడ వెంటనే. "ఆధారం లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇంత శుభ్రంగా లేకుండా చెయ్యటం మామూలోళ్ల వల్ల అవుద్దా?"

జైలు.

మర్నాడు నేను నోరే విప్పలేదు. "రోజూ వాగే మనిషి ఇవాళ గమ్మునున్నాడంటే..." అని సగంలో ఆపి నిట్టూర్చింది. జైలు. ఇంకోరోజు ఆవిడ చీటీ జారి, 'దొంగ' అన్న అక్షరాలు పైకి కనబడేలా నవీన్‌బాబు ఒళ్లోనే పడింది. అతను దాన్ని భద్రంగా మడిచి ఆవిడకిచ్చి, నా మీద చెయ్యెత్తాడు.

"అదేందయ్యా, కళ్లారా చూశావుగా!"

"చూశానండి. కానీ టీచరుగారు చెప్తుంటే మీరే అనిపించింది."

ఆ ముందు సీట్లో కూర్చుని, అవమానం మరిచిపోవడానికి, డ్రైవరు శాంతయ్యకు నా తిరుగుళ్లు చెప్పేవాణ్ణి. హరిద్వారంలో చెప్పులు పోయిన వైనం, రామేశ్వరంలో అవి వేరే కాళ్లకు కనబడిన వైనం. శాంతయ్య స్టీరింగు మీద కొట్టుకుంటూ నవ్వేవాడు. వెనక రత్నమణి టీచరు తృప్తిగా పులిహోర తినేది. ఆ తృప్తి చూస్తే నాకు ఇంకా మంట.

చివరికి ఆవిడ మందు ఆవిడకే వేశాను.

"టీచరుగారు దొంగ కాదండి," అన్నాను ఆ రోజు అందరికంటే ముందు. "అంత మంచిమనిషిని నేనసలు అనుమానించను. నాకొక్కటే ఆశ్చర్యం. ఆట మొదలైనప్పటి నుంచి ఆవిడ ఒక్కసారన్నా జైలుకెళ్లారా?"

వ్యానంతా ఆలోచనలో పడింది. హిందీ టీచరు ప్రమీలారాణి మెల్లగా చెయ్యెత్తింది. తర్వాత నవీన్‌బాబు. తర్వాత అందరూ.

రత్నమణి టీచరు మొహం పాలిపోయింది. "నేనొద్దు బాబాయిగారూ."

"చట్టం చట్టమేనమ్మా!" అన్నాను, పళ్లన్నీ బయటపెట్టి.

ఆవిడ ముందెక్కింది. నేను చెవులు రిక్కించాను.

"ఎండలు ముదిరినయ్ శాంతయ్యా."

"అవునమ్మా."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"బండి మైలేజీ బాగానే ఇస్తందా?"

"ఇస్తందమ్మా."

ఆవిడ మళ్లీ కళ్లజోడు తీసింది. వ్యాను నెమ్మదించింది. గడ్డిమోపు ట్రాక్టరు మమ్మల్ని దాటిపోయింది. కాసేపటికి శాంతయ్య బండిని పక్కకు తీసి ఆపేసి, ఆవిడ కూర్చున్న సీటు వైపు చూడలేక రోడ్డుకేసి చూస్తూ ఉండిపోయాడు.

"ఏమైంది?" అన్నాను.

"అది పుల్లమ్మ సీటండి," అంది ప్రమీలారాణి నా చెవిలో. "శాంతయ్య భార్య. ఈ దారంతా పక్కన కూర్చుని గలగలా మాట్లాడేది. ఆమె పోయాక, ఆ ఖాళీ సీటు పక్కన నడపలేను, బండి అమ్మేస్తానన్నాడు. మేం వెళ్లి కూర్చోబోతే, తన మీద జాలిపడి ఎవరూ ఎక్కొద్దని కసిరాడు. అప్పుడు టీచరుగారు ఈ ఆట పెట్టారు. దొంగని జాలిపడి పంపరు గదండి."

"మరి రోజూ నన్నేనా?"

"మీరు ఊపిరి పీల్చకుండా మాట్లాడతారు. పుల్లమ్మా అంతే."

ఇంతలో రత్నమణి టీచరు దిగి నా కిటికీ దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించి అంది: "వాదించమంటే ఎవర్నైనా ఒప్పిస్తా బాబాయిగారూ. ఊరికే కబుర్లు చెప్పటం నా వల్ల కాదు. మీరు రెండు చెప్పుల మీద టోల్‌గేటు దాకా లాగుతారు. వెనక కూర్చుని ఎంత కుళ్లుకుంటానో తెలుసా?"

నేను గబగబా దిగి ముందుకెళ్లాను. "శాంతయ్యా, దొంగని నేనే. ఒప్పేసుకుంటున్నా."

"అయ్యేం కుదరవండి," అన్నాడు శాంతయ్య మొహం ముడుచుకుని. "చేతులు లేచింది టీచరమ్మ మీద. నాకోసమని ఎవరూ ఎక్కక్కర్లా."

గత్యంతరం లేక ఆవిడనే బతిమాలాను. "నేను దొంగనని మీరే రుజువు చెయ్యాలమ్మా."

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "శాంతయ్యా, ఈ బండిలో నా మీద ఎప్పుడన్నా ఎవరి మాటన్నా నెగ్గిందా?"

"లేదమ్మా."

"ఇవాళ ఎవరిది నెగ్గింది?"

"పెద్దాయనది."

"తనే దొంగ కాకపోతే, నన్ను పట్టించటానికి అంత కష్టపడాల్సిన ఖర్మ ఆయనకేంటి?"

వ్యానులో ఉన్న చేతులన్నీ లేచాయి. శాంతయ్య కూడా స్టీరింగు వదిలి చెయ్యెత్తేశాడు. "బాబోయ్, ఘరానా దొంగండి ఈయన! ఎక్కండి, ఎక్కండి!"

దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నాను. జగ్గయ్యపేటలో బండి ఆగాక చీటీలు విప్పారు. అన్నీ ఖాళీవే. ఒక్కటి తక్కువైంది. నేనా రోజు నిజంగానే దొంగను పట్టి, మళ్లీ నేనే జైలుకెళ్లానన్నమాట.

తల బయటపెట్టి చూశాను. రత్నమణి టీచరు ఒక చేతిలో టిఫిను డబ్బా ఊపుకుంటూ, రెండో చెయ్యి గుప్పిట బిగించి, వెళ్లొస్తానని ఒక్క ముక్కైనా అనకుండా జనంలో కలిసి వెళ్లిపోతోంది.