లత చూసిన సాలు

రేపు పొద్దున విచ్చుకోబోయే పత్తి మొగ్గను ఈ మధ్యాహ్నమే పట్టుకోవాలి. బొటనవేలి గోరుతో చుట్టూ గీసి, రేకులనూ వాటి లోపలి పుప్పొడినీ ఒక్క తిప్పుతో ఊడదీయాలి. నడుమ సన్నటి కాడ ఒక్కటే మిగలాలి. తెల్లారి మగ సాళ్ల నుంచి పువ్వు తెచ్చి దాని మీద రుద్దుతారు. ఇదే క్రాసింగ్. పాత పుప్పొడి నూగంత మిగిలినా ఆ కాయ గింజలు కల్తీ అవుతాయి. మల్దకల్ చుట్టుపక్కల కంపెనీల విత్తనం కోసం సీడు పత్తి వేసే రైతులందరికీ ఆ కల్తీ అంటేనే భయం; కంపెనీ పరీక్షలో గింజల శాంపిల్ ఫెయిలైతే పంట డబ్బు రాదు.

ప్రేమలత భయం వేరు.

లతకు పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం. పొద్దున కాలేజీకి పోయి, మధ్యాహ్నం తల్లి ఏసమ్మతో కలిసి నాగప్ప చేనులో మొగ్గలు గిల్లేది. తండ్రి కిష్టయ్య పుణెలో కట్టే పెద్ద బిల్డింగుల మీద సెంట్రింగ్ పని చేస్తాడు. ఆ ఆగస్టులో ఒకరోజు, గిల్లిన మొగ్గలో నూగు మిగిలిందేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. దాని వెనకే ఇంకో మాట వచ్చింది: మిగిలితే నాయన పైనుంచి జారిపడతాడు. అది ఉత్త మాటేనని ఆమెకు తెలుసు. అయినా వెనక్కి పోయి చూసింది. చూశాక ఊపిరాడింది, నాలుగు అడుగుల దాకా. మళ్లీ వెనక్కి పోయింది. కొద్దిరోజులకు ఒక్కో మొగ్గను మూడుసార్లు చూడవలసి వచ్చింది. నడుమ ఎవరన్నా పలకరిస్తే మళ్లీ మొదటినుంచి.

"ఏందే లతా, మొగ్గలకు పేన్లు చూస్తున్నవా?" అంది పక్క సాలులో వనజ. అందరూ నవ్వారు.

గట్టు మీది నుంచి నాగప్ప అరిచాడు. "నవ్వకుండ్రి! గీ పిల్ల లెక్క చూసేటోళ్లు ఇద్దరున్నా నిరుడు నా శాంపిల్ ఫెయిలయ్యేదా?"

మర్నాడు లతను పిలిచి, "ఇగ నువ్వు గిల్లకు బిడ్డా. ఆళ్లు గిల్లినయి చూసుకుంట రా. చేనంత నీదే" అన్నాడు.

అంతవరకు తండ్రి ప్రాణం ఆమె గిల్లే మూడు సాళ్లలోనే ఉండేది. ఇప్పుడు చేనంతటా పరుచుకుంది.

సెప్టెంబరుకల్లా కాలేజీ మానేసింది. గోళ్ల మూలలు చీలి నెత్తురు కారేది. చేను నుంచే తండ్రికి ఫోన్ చేసేది.

"ఏంది బిడ్డా, రోజుకు ఇన్నిసార్లు? పదకొండో అంతస్తుల ఉన్న. నీ ఫోన్ ఎత్తబోయే పడేటట్టున్న" అని నవ్వాడు కిష్టయ్య.

ఆ రోజు లత అన్నం ముట్టలేదు.

ఆమె వేళ్లు ముందుగా చూసింది ఊరి ఆశా కార్యకర్త జోగులమ్మ. ఇంట్లోకి తీసుకుపోయి అడిగితే లత అంతా చెప్పింది. నోరు తెరిచి ఒకరికి చెప్పడం అదే మొదలు.

"గాలి గాదు, దయ్యం గాదు ఏసమ్మా. జబ్బు. మందులున్నయి. గద్వాల దవాఖానల గురువారం మనసు జబ్బుల డాక్టర్ కూసుంటడు. నేను తోల్కపోత" అంది జోగులమ్మ.

"క్రాసింగ్ నడుమ ఎట్ల వస్తదక్కా?" అంది ఏసమ్మ. ఏసమ్మ కష్టం ఆమెకుంది. ఇరవై ఏళ్లుగా ఆ చేనులో కూలి చేస్తోంది. నాగప్ప తన ఇంటి అరుగు మీద కుర్చీ వేసి, కూలోళ్లకు వేరుగా పెట్టే గ్లాసులో కాక ఇంట్లోవాళ్లు తాగే గ్లాసులో చాయ్ పోయడం మొన్ననే జరిగింది. అదీ ఆమె బిడ్డకు.

లత వదల్లేదు. దవాఖానకు పోదామని నాలుగు రోజులు తల్లి వెంటపడింది. చివరికి ఏసమ్మ విసుక్కుంది. "శాంపిల్ రానీయే. ఫెయిలైతే నేనే దవాఖానకు తోల్కపోత. పాసైతే నీకేం రోగం?"

విసుగులో అన్నదే గాని, లత దాన్ని ఒట్టులా పట్టుకుంది. ఫెయిల్ కావాలి.

క్రాసింగ్ ఆఖరి వారం. వనజ సాలులో నూగు మిగిలిన మొగ్గలు పది కనబడ్డాయి. ముట్టకుండా వదిలేసింది. చేతులు చంకల్లో పెట్టుకుని, వెనక్కి తిరగకుండా గట్టు దాకా నడిచింది. తండ్రికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

చెప్పులు విడిచి పరుగెత్తింది. పది మొగ్గలనూ శుభ్రం చేసింది. తర్వాత ఆ సాలంతా చూసింది. తర్వాత పక్క సాలు. పొద్దు గుంకేవేళ కిష్టయ్యే ఫోన్ చేశాడు. "చార్జింగ్ లేకుండె బిడ్డా, ఏంది సంగతి?"

క్రాసింగ్ అయ్యాక లత మళ్లీ కాలేజీకి పోయింది. మార్చిలో పరీక్షలు వచ్చాయి. మొదటి ప్రశ్నకు రాసిన జవాబునే గంట కొట్టేదాకా దిద్దుతూ కూర్చుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

పరీక్షలైన వారానికి, ఒక బుధవారం, నాగప్ప బండి వాకిట్లో ఆగింది.

"పాస్!" అన్నాడు దిగకుండానే. "ఏసమ్మా, నీ బిడ్డవి కండ్లు గావు, భూతద్దాలు. వానకాలం ఇంకో రెండెకరాలు ఎక్కువ వేస్త. లత వస్తనంటేనే వేస్త."

"ఎందుకు రాదు పటేలా!" ఏసమ్మ ముఖమంతా నవ్వు.

బండి పోయేదాకా లత ఆగింది. "అమ్మా, రేపు గురువారం."

ఏసమ్మ నవ్వు కాస్త తగ్గింది. బిడ్డ చేయి తీసుకుని, చీలిన గోళ్లను కొంగుతో తుడిచింది. "ఊరంత మెచ్చేదాన్ని జబ్బంటే ఎవరు నమ్ముతరే? డాక్టర్ నవ్వుతడు. కొబ్బరినూనె రాసుకో, తగ్గుతది."

"చాతనైతలేదమ్మా."

"అందరికీ గంతే బిడ్డా. పని ఎవరికి చాతనైతది?" అంటూ లోపలికి పోయి పొయ్యి ముట్టించింది.

లత ఫోన్ తీసింది. కిష్టయ్య ఒక్క రింగుకే ఎత్తాడు. వెనక గాలి హోరు.

"పాసైందట గద! నాగప్ప నాకూ ఫోన్ చేసిండు. నా బిడ్డ బంగారం!"

"నాయనా, ఇప్పుడు ఎన్నో అంతస్తుల ఉన్నవు?"

"పంతొమ్మిది," అన్నాడు కిష్టయ్య హుషారుగా. "బిల్డింగు ఇంకా లేస్తది."