తోలు వేడి

బండలాగుడు పందేలకు ఎడ్లను తోలుకుపోయేవాళ్ళు ఎదురైతే నేను ఒకటే అడుగుతాను, గంటసేపు నడిపించారా అని. కొందరు నవ్వుతారు. ముసలాయనకు చాదస్తం అనుకుంటారు. అనుకోనివ్వండి. ఆ నవ్వు నేనూ ఒకప్పుడు నవ్వినవాణ్ణే.

సాగర్ నీళ్ళు ఇంకా మా పొలాలకు రాని రోజులు. నాకు ఇరవై నాలుగేళ్ళు. మాకు ఒకటే జత. కాడికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపు కట్టేది వలపటెద్దు. వాటికి వేరే పేర్లు పెట్టలేదు. నల్లరేగడి దున్నినా, కల్లం నుంచి మిరపకాయలు గుంటూరు తోలినా అవే. ఏడాదికి ఒక్కసారి, శివరాత్రి తిరునాళ్ళలో బండ లాగేదీ అవే.

పందెం ముందు నాన్న చేసే పని చూస్తే ఎవరికైనా విసుగు పుట్టేది. ఒట్టి కాడి వేసి ఎడ్లను నిదానంగా నడిపించేవాడు. తర్వాత ఒక చిన్న దుంగ కట్టి కాస్త లాగించేవాడు. మళ్ళీ నడక. మధ్యమధ్య చెయ్యి పెట్టి చూసి, "ఇంకా కాగలేదు" అనేవాడు. పక్కవాళ్ళు ఎగతాళి చేసినా పట్టించుకునేవాడు కాదు. మన ఊళ్ళలో ఒళ్ళు కాగిందంటే జ్వరం వచ్చిందని కదా! "ఏమండీ, మీ ఎడ్లకు జ్వరం వచ్చేదాకా ఊరుకోరా?" అనేవాళ్ళు. అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ణి.

ఆ ఏడు నాన్నకే జ్వరం వచ్చింది. టైఫాయిడ్ అన్నారు. మంచం మీద నుంచి లేవలేకపోయాడు. ఎడ్లను మా బాబాయి, నేను తీసుకెళ్ళాం. బయల్దేరేటప్పుడు నాన్న నా చెయ్యి పట్టుకుని, "గంటసేపు నడిపించు అబ్బాయ్. చెయ్యి పెట్టి చూడు, వెచ్చగా ఉంటేనే బండకు కట్టు" అన్నాడు. ఎక్కడ చెయ్యి పెట్టాలో చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పక్కనే నిలబడి చూస్తున్నవాడికి ఏం చెబుతాడు? నేను చూశాను గాని గమనించలేదు.

తిరునాళ్ళలో జనం ఇసక వేస్తే రాలకుండా ఉన్నారు. బాబాయి ఒక మూల రాటలు పాతి, మిరపకాయల మీద కప్పే పట్టా తెచ్చి నాలుగు వైపులా దింపేశాడు. ఎడ్లను అందులో కట్టేశాం.

"నాన్న నడిపించమన్నాడు బాబాయ్" అన్నాను.

"ఇంతమందిలో ఊరేగించి నరదిష్టి కొనితెచ్చుకుంటామట్రా? మన వంతు వచ్చేదాకా వీటి తోక కూడా ఎవడికీ కనపడకూడదు. చెయ్యేసి చూడు, కాలిపోతంటేనూ!"

చెయ్యి వేశాను. వీపు మీద వేశాను. నిజంగానే కాలిపోతోంది. మధ్యాహ్నపు ఎండ, గాలి ఆడని పట్టా గుడారం, తోలు కాగక ఏమవుతుంది? కాగాయి అనుకున్నాను.

తప్పంతా బాబాయి మీదికి నెట్టేయడం తేలిక. చాలా ఏళ్ళు అదే చేశాను కూడా. కానీ ఆ పట్టా ఒక్కసారిగా ఎత్తి, తెల్లటి జతను బరిలోకి నడిపిస్తుంటే జనం నోళ్ళు తెరిచి చూడాలని నాకూ ఉంది. చూశారు కూడా. గొప్పలకు పోతే తిప్పలు తప్పవని ఊరికే అనలేదు.

బండ మార్టూరు వైపు నుంచి తెచ్చిన నల్లరాయి. బరి ఈ కొస నుంచి ఆ కొసకు మొదటి సాలు బాగా లాగాయి. చివరికి వెళ్ళి ఎడమకు తిప్పేటప్పుడు బరువంతా దాపటెద్దు వెనక కాలి మీద పడింది. ఏదో పటుక్కుమన్న చప్పుడు విన్నానని ఇప్పటికీ అంటాను. అన్ని డప్పుల మధ్య వినబడడానికి వీల్లేదు. ఆ కాలు నేల మీద ఈడ్చుకుంటూనే అది ఇంకో నాలుగు గజాలు లాగింది. బాబాయి చెర్నాకోల ఆపలేదు. నేను గొలుసు ఊడదీసేసరికి దాని తొడ వణుకుతోంది. తొడ లోపలి వైపు చెయ్యి పెట్టాను, నాన్న ఎప్పుడూ పెట్టేది అక్కడేనని అప్పుడు తట్టింది. అక్కడ చల్లగా ఉంది.

ఎవరిదో బండి అడిగి, దాన్ని ఎక్కించి ఇంటికి తెచ్చాం. నాన్న గోడ పట్టుకుని బయటికి వచ్చాడు.

"నడిపించావా?"

"చెయ్యి పెట్టి చూశాను నాన్నా. వెచ్చగానే ఉంది."

"ఎక్కడ పెట్టావు?"

వీపు మీద చెయ్యి వేసి చూపించాను. నాన్న నా చెయ్యి వైపు చూశాడు. తిట్టలేదు. ఒక్క చెంపదెబ్బ కొట్టి ఉంటే నాకు ఎంతో హాయిగా ఉండేది.

తర్వాత చేసిందంతా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. పశువుల డాక్టరు వచ్చి తొడ కండ తెగిందన్నాడు. ఇక కాడికి పనికిరాదు, కదపకుండా కట్టేసి ఉంచండి అన్నాడు. ఆయన మాట చాలక బాబాయి ఒక మనిషిని పిలుచుకొచ్చి తుంటి మీద వాతలు పెట్టించాడు. నేను కొమ్ములు పట్టుకున్నాను. కాలిన తోలు కంపు మా చావిట్లో వారం రోజులు పోలేదు. రెండున్నర నెలలు అది గుంజ దగ్గరే నిలబడింది, పడుకుంది. లేపితే మూడు కాళ్ళ మీద లేచేది. కాలు రోజురోజుకీ కట్టెలా బిగుసుకుపోయింది. విశ్రాంతి ఇస్తున్నామనే అనుకున్నాం.

తొలకరి దగ్గరపడింది. ఉన్నది ఒక్క గడ్డివామి. జత లేని ఎద్దుతో దుక్కి సాగదు. కొత్తదాన్ని తెస్తే మూడింటికి మేత చాలదు. నాన్న రెండు రోజులు గుంజ దగ్గరికీ వామి దగ్గరికీ తిరిగాడు. మూడో రోజు పొద్దున్నే, "సంతకు తోలుకుపో" అన్నాడు. కుంటి ఎద్దును సంతలో ఎవరు కొంటారో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా అమ్మ దాని నొసట పసుపు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆరు మైళ్ళు. మొదటి ఫర్లాంగు నడవడానికే చాలాసేపు పట్టింది. నాలుగడుగులు వేసి నిలబడేది. నేను అదిలించలేదు. ఎక్కడికి తీసుకెళుతున్నానో తెలిసినవాణ్ణి, తొందర పెట్టడానికి నోరు రాలేదు. అది నిలబడితే నేనూ నిలబడ్డాను. అలా ఒక గంట గడిచాక అడుగు కాస్త సాగింది. రెండో మైలు దాటేసరికి కాలు నేలకు పూర్తిగా ఆనుతోంది. సంత దగ్గరపడేసరికి నా పక్కన మామూలు ఎద్దులా నడుస్తోంది. చెయ్యి తొడ లోపలికి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

కబేళా బేరగాడు చుట్టూ తిరిగి చూసి, తొడ నొక్కి, "నడక బాగానే ఉందే. ఎందుకమ్ముతున్నారండీ?" అన్నాడు.

పలుపు అతని చేతికిచ్చి, వెనక్కి చూడకుండా వచ్చేశాను. చూస్తే ఏడుస్తానని భయం వేసింది.

ఇంటికి వచ్చేసరికి నాన్న అన్నం ముందు కూర్చుని ఉన్నాడు.

"దారంతా కుంటిందా?"

అబద్ధం చెప్పాల్సింది. ఆ ఒక్కసారైనా చెప్పాల్సింది.

"మొదట్లోనే నాన్నా. ఒక గంట నడిచాక కుంటలేదు. మామూలుగానే నడిచింది."

నాన్న చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"మరి వెనక్కి తోలుకురాకపోయావురా?" అన్నాడు.

నాకు ఆ ఆలోచనే రాలేదు. అదే చెప్పాను.