కాళ్లున్న అక్షరాలు

నాగేంద్రబాబుగారికి బక్క అక్షరాలంటే గిట్టదు. ఇంగ్లీషు అక్షరమైతే గీత చివర చిన్న పాదం ఉండాలి, తెలుగైతే తలకట్టు దిట్టంగా ఉండాలి. పాత పుస్తకాల్లోలా ఒళ్లూ కాళ్లూ ఉన్న అచ్చు తప్ప మరొకటి ఆయన కంటికి ఆనదు.

ఆ మధ్య పంటినొప్పితో సాక్చి వెళ్లి, డాక్టరు బోర్డు మీద అక్షరాలు సన్నగా ఉన్నాయని గుమ్మంలోంచే తిరిగొచ్చేశారు. "బోర్డే నిలబడలేకపోతంది, నా పన్నేటి నిలబెడతాడు?" అని ఆయన వాదన. బుగ్గ బూరెలా పొంగినా మాట మార్చలేదు. స్నేహితుడు సూర్యం కూతురి పెళ్లిలో సుష్టుగా భోంచేసి, జంటను దీవించి, శుభలేఖ మాత్రం నీరసంగా ఉందని చెప్పి మరీ వచ్చారు.

రైల్వేలో రిటైరయ్యాక, ఆ హిందీ ఊళ్లోని తెలుగు సంఘం పత్రికకు ఆయనే సంపాదకుడు. కంప్యూటర్లో పేజీలు కట్టేది సిద్ధగోరాలో ఉండే గీతాంజలి. ఆయన పట్టుదల వల్ల పత్రిక తాతల నాటిదిలా కనిపిస్తోందని ఆమెకు చిరాకు. ఉగాది సంచికకు కొత్త అచ్చు పెడదామని కార్యదర్శి చంద్రశేఖర్ అనగానే ఎగిరి గంతేసి, సన్నటి నాజూకు అక్షరాలతో పేజీలు కట్టేసింది. పెద్దాయన సంపాదకీయం ఇవ్వనని అలిగి కూర్చున్నారు.

గీతాంజలి లెక్కచెయ్యకుండా ఆ ప్రూఫులు పట్టుకుని భాలుబాసా వెళ్లింది. పత్రికకు తప్పులు దిద్దేది అక్కడుండే తవిటమ్మ టీచరే. సున్న ఎగిరిపోయినా ఊరుకోని మనిషి. ఆవిడ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి, తప్పుల్లేవన్నారు. గీతాంజలి దారిలో చూసుకుంటే, ఉగాది భోజనాల జాబితాలో 'పులిహోర'కు హోర ఊడిపోయింది. టీచరమ్మ కళ్లముందు నుంచే పులి దర్జాగా దాటిపోయింది.

అనుమానమొచ్చి, మర్నాడు అదే పేజీని దిద్దకుండానే పాత అచ్చులో పట్టుకెళ్లింది. టీచరమ్మ పులిని పట్టేశారు, దాంతోపాటు ఇంకో నాలుగు తప్పుల్ని కూడా. ఆ నాగేంద్రకి అచ్చరాల పిచ్చి ఎప్పుడొదులుద్దోనని విసుక్కున్నారు కూడా.

గీతాంజలి తిన్నగా ఆయన ఇంటికి వెళ్లింది. "బాబాయ్, ఆప్‌కో పతా థా నా? మీకు ముందే తెలుసు కదా, టీచరమ్మ కళ్ల సంగతి?"

ఆయన లేచి వీధి తలుపు దగ్గరగా వేశారు. తర్వాత మెల్లగా చెప్పారు. ఓసారి కంటి ఆస్పత్రిలో తను ఆవిడకి వెనక వరుసలోనే కూర్చున్నారట. అద్దాలు మార్చినా ఇక ఇంతేనని డాక్టరు చెప్పడం విని, ఆవిడ చూడకముందే బయటికొచ్చేశారట.

"మనకి తెలిసిందని తెలిత్తే అప్ప ఈ పని మానేత్తాది. ఆ పనే లేకపోతే ఆవిడికి పొద్దుపోదు. నా పిచ్చనే అనుకోనీ."

గీతాంజలి లాప్‌టాప్ తెరిచి పేజీలన్నీ పాత అచ్చులోకి మార్చింది. మార్చి, ఆయన వైపు చూసింది.

"సైజు కూడా కొంచెం పెంచనా బాబాయ్?"

"పెంచు. ఎవులైనా అడిగితే ముసిలోడు పేచీ పెట్టాడని సెప్పు."