కెప్టెన్ థర్లో వెనక్కి తీసుకోని మాట

కెప్టెన్ ఏబియల్ థర్లో ఓడ నడిపినన్నాళ్ళూ మా రేవులో ఆయన్ని పల్లెత్తు మాట అన్నవాళ్ళు లేరు. ఆయన ఓడ దిగి, ఓట్లు అడిగి, వాషింగ్టన్‌లోని అమెరికా చట్టసభకు వెళ్ళాకే తిట్లు మొదలయ్యాయి. నేలమీద తనకు ఎదురు చెప్పేవాళ్ళు ఇంతమంది ఉంటారని యాభై ఏళ్ళు దాటేదాకా ఆయనకు తెలియదు పాపం.

మీసాలు రాకముందే చేపల పడవ ఎక్కినవాడు. పాతికేళ్ళు నిండకుండానే ఓడకు యజమాని అయ్యాడు. ఇక్కడి ఉప్పుచేప, కలప వెస్టిండీస్ దీవులకు తీసుకెళ్ళి అక్కడి బెల్లప్పాకం, రమ్ము తెచ్చేవాడు. ఆయన వెంట ఎప్పుడూ ఓబెద్ పింకమ్ ఉండేవాడు. మొదట ఆయన ఓడకు సరంగు, తర్వాత ఆయన చెల్లెలు కెజాయాను పెళ్ళాడి బంధువు కూడా అయ్యాడు. నలుగురిలో ‘కెప్టెన్’, ఇంట్లో ‘బావా’. ఈ రెండు పిలుపుల్నీ ఓబెద్ ఒక్కనాడూ కలగాపులగం చెయ్యలేదు.

ఒకసారి హాటెరస్ అనే భూశిరం దగ్గర గాలివానలో ఓడను తిప్పమని థర్లో ఆజ్ఞ ఇచ్చాడు. సగం తిరిగాక అనుమానం వచ్చి వద్దన్నాడు. ఓడ అటూ కాక ఇటూ కాక గాలికి ఎదురుగా నిలబడిపోయింది. పెద్ద తెరచాప కొయ్య పైభాగం విరిగి, టామ్ వీక్స్ అనే మా ఊరి కుర్రాణ్ణి తనతో పాటు నీళ్ళలోకి ఈడ్చుకుపోయింది. ఆ తర్వాత థర్లో ఇచ్చిన ఆజ్ఞను మళ్ళీ ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు. సముద్రం మీద అది మంచి నియమమే. ఆ నియమాన్నే ఆయన నేలమీదికి మోసుకొచ్చాడు. మా పీకలమీదికి వచ్చింది అందుకే.

ఆ రోజుల్లో ఇంగ్లండు యుద్ధనౌకలు మా ఓడల్ని ఆపి మనుషుల్ని తమ నౌకల్లో చాకిరీకి ఎత్తుకుపోయేవి. థర్లోకు ఒళ్ళు మండింది. ఊరూరా తిరిగి మాట్లాడాడు, గెలిచాడు. ఇంగ్లండు మెడలు వంచాలంటే మన ఓడ ఏదీ పరదేశానికి కదలకూడదని ప్రెసిడెంటు చట్టం తెచ్చినప్పుడు ఔనని చెయ్యెత్తాడు. బంగాళాదుంపలు నాటేలోపు ఇంగ్లండు కాళ్ళబేరానికి వస్తుందని నిజంగానే నమ్మాడు.

దుంపలు నాటారు, తవ్వుకున్నారు కూడా. ఇంగ్లండు రాలేదు. సభ సెలవులకు థర్లో ఇంటికొచ్చేసరికి రేవంతా పనిలేని ఓడలే. వానకు కొయ్యలు కుళ్ళకుండా వాటి నెత్తిన తారు పీపాలు బోర్లించారు. ఊరంతా వాటికి ‘థర్లో గారి నిద్రటోపీలు’ అని పేరు పెట్టింది.

“నీ పుణ్యమా అని నా పీపాలన్నీ పైకెక్కాయి కెప్టెన్,” అన్నాడు పీపాలు చేసే సైలస్ డంకిన్. “లోపల పొయ్యడానికే ఏమీ లేదు.”

థర్లో నవ్వలేకపోయాడు. కెజాయా ఇంట్లో ప్రతి శనివారం వండే చిక్కుడుగింజలు పోయి, ఒడ్డున తవ్వి తెచ్చిన ఆల్చిప్పలే తిండికి మిగిలాయని ఆయన చూశాడు. ఓబెద్ సొంతంగా కట్టించుకున్న కొత్త ఓడ ఎండకు పలకలు విచ్చుకోవడం చూశాడు. చట్టం తప్పని ఆయనకు ఆ వేసవిలోనే తెలిసిపోయింది. తెలిసీ నోరు మెదపలేదు.

ఆగస్టులో ఊరివాళ్ళు ప్రార్థన మందిరంలో సభ పెట్టి, చట్టం ఎత్తెయ్యమని ప్రెసిడెంటుకు అర్జీ రాశారు. ఓబెద్ లేచాడు.

“కెప్టెన్, మేం చేపలోళ్ళం పంపితే దీన్ని ఎవడూ చదవడు. చట్టానికి చెయ్యెత్తిన మీరే కింద సంతకం పెడితే చదువుతారు.”

“చదివి? నిన్న ఔనన్నోడు ఇవాళ కాదంటున్నాడని నవ్వుతారు.”

“నవ్వనివ్వండి. మన సొమ్మేం పోయింది?”

“ఆయన పరువు పోద్దయ్యా!” అని వెనకనుంచి సైలస్ అరిచాడు. “మనకంటే తిండేగా పోయింది!”

మందిరమంతా గొల్లున నవ్వింది. థర్లో టోపీ తీసుకుని బయటికి నడిచాడు. ఓబెద్ మెట్లమీద ఆయన్ని అందుకున్నాడు.

“బావా, ఒక్కమాట. నువ్వు సంతకం పెట్టు, జవాబొచ్చేదాకా నేను ఓడ కదపను. పెట్టనంటావా, పొగమంచు పట్టిన రోజు చూసుకుని, కాపలావాళ్ళ కంటపడకుండా చేపలేసుకుని కెనడా ఒడ్డుకి పోతా.”

“ఆ ఓడలోనా? పలకల సందులో కత్తి పెట్టి చూశాను, పిడిదాకా దిగింది!”

“తెలుసుగా మరి. అందుకే అడుగుతున్నా.”

“మాట సగంలో తిప్పితే ఏమైద్దో నువ్వు చూళ్ళేదా? టామ్‌ని మర్చిపోయావా?”

“మర్చిపోలేదు. కానీ బావా, ఇది ఓడ కాదు, ఊరు. నువ్వు మాట మారిస్తే ఇక్కడ విరిగిపడే కొయ్యేదీ లేదు.”

ఆ మాట నిజమని థర్లోకు అక్కడికక్కడే తెలిసింది. తిరిగి లోపలికి వెళ్ళి పేరు రాస్తే సరిపోయేది. లోపల ఇంకా నవ్వుతున్నారు. ఆయన మెట్లు దిగి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఓబెద్ అన్నంత పనీ చేశాడు. సెప్టెంబరులో దట్టంగా పొగమంచు పట్టిన ఒక ఉదయం బయలుదేరాడు. గాలివాన కూడా లేదు, అలలు మామూలుగానే ఉన్నాయి. ఆ పాటి నీళ్ళకే ఓడ విచ్చుకుపోయింది. దాని వెనకభాగం పలకలు తప్ప మనిషి గానీ సరుకు గానీ ఒడ్డుకు రాలేదు. అర్జీకి కుదరదని జవాబు డిసెంబరులో గానీ రాలేదు. ఓబెద్ దాని కోసం ఆగి ఉంటే ఇంతలో రేవు గడ్డకట్టేది, చలికాలమంతా ఓడ ఒడ్డునే ఉండేది. మంచు కరిగేనాటికి ఆ చట్టమే లేకుండా పోయింది.

దాన్ని రద్దు చేసినవాళ్ళలో థర్లో కూడా ఉన్నాడు. చట్టం కోసం గొంతు చించుకున్నవాళ్ళంతా ఆ రోజు సభలో ఒకరి తర్వాత ఒకరు మాట మార్చుకున్నారు. ఎవరూ నవ్వలేదు. ఆయన పక్కనున్న సభ్యుడు ఆపిల్ పండు చెక్కు తీసుకుంటూనే రద్దుకు ఔనన్నాడు. థర్లో పేరు పిలిచారు, ఆయనా ఔనన్నాడు. ఇంత తేలికా అనుకున్నాడు. గుండెలు బాదుకుని ఏడవాలనిపించింది. సభలో అలా ఏడుస్తారా? కూర్చున్నాడు.

మార్చిలో ఇంటికొచ్చి, పెట్టె కూడా దించకుండా చెల్లెలి దగ్గరికి వెళ్ళాడు. కెజాయా చేప శుభ్రం చేస్తోంది. అన్నను చూసి చేతులు కడుక్కుని, పొయ్యి దగ్గర కుర్చీ వేసింది. రొట్టె, పులుసు పెట్టింది. ఆయన తినలేకపోయాడు.

“తీసేశారంటగా చట్టం,” అంది.

“తీసేశాం.”

“నువ్వు కూడానా?”

“నేను కూడా.”

ఆమె పొయ్యిలోకి ఒక కట్టె తోసింది. గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు ఆయన ప్రయాణాల గురించి అడిగినట్టే అడిగింది.

“ఆ మాట అనడానికి ఎంతసేపు పట్టింది అన్నయ్యా?”